ఎంపీ కావడానికి ఏం ఉండాలి? వయసు, చదువు, పదవీకాలం లెక్కలు

పార్లమెంటు సభ్యుల వయసు మీద కొంతకాలంగా రెండు వైపుల నుంచీ వాదనలు వినిపిస్తున్నాయి. పోటీకి 21 ఏళ్లు చాలని ఒక వర్గం, డెబ్బై అయిదు దాటినవారు తప్పుకోవాలని మరో వర్గం. వీటి మధ్య ప్రతి ఎన్నికలోనూ తిరిగివచ్చే పాత ప్రశ్న ఉండనే ఉంది: గుమాస్తా ఉద్యోగానికే డిగ్రీ అడిగే దేశంలో చట్టాలు చేసేవారికి చదువు అక్కర్లేదా?

వాదనలు ఎంత వేడిగా సాగినా, చాలామంది మూడు వేర్వేరు విషయాలను కలిపి మాట్లాడుతుంటారు. సభలోకి ఎవరు రావచ్చు అనేది మొదటిది. వచ్చినవారు సభ్యత్వాన్ని ఎప్పుడు కోల్పోతారు అనేది రెండోది. ఆ సీటు ఎంతకాలం చెల్లుతుంది అనేది మూడోది. రాజ్యాంగంలో మొదటిదానికి 84వ అధికరణంలో, రెండోదానికి 102లో, మూడోదానికి 83లో జవాబులున్నాయి. రాజ్యాంగం వదిలిపెట్టిన వివరాలను 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం పూరిస్తుంది.

రాజ్యాంగం అడిగేది చాలా తక్కువ

84వ అధికరణం చిన్నది. అభ్యర్థి భారత పౌరుడై ఉండాలి. రాజ్యాంగానికి విధేయత ప్రకటిస్తూ ప్రమాణం చేయాలి. లోక్‌సభకైతే 25 ఏళ్లు, రాజ్యసభకైతే 30 ఏళ్లు నిండాలి. మిగతా అర్హతలేవైనా ఉంటే పార్లమెంటు చట్టం ద్వారా నిర్ణయించుకోవచ్చు. ఆ చట్టం అదనంగా అడిగిన ముఖ్యమైన అర్హత, దేశంలో ఏదో ఒక లోక్‌సభ నియోజకవర్గంలో ఓటరుగా నమోదై ఉండడం. రిజర్వుడు స్థానాల్లో పోటీ చేసేవారు ఆ వర్గానికి చెందినవారై ఉండాలి.

శాసనసభకు, శాసన మండలికి కూడా 173వ అధికరణం ఇవే వయసులను పెట్టింది: 25, 30. పంచాయతీలకు మాత్రం 243ఎఫ్ ప్రకారం 21 చాలు. రాష్ట్రపతికి, ఉపరాష్ట్రపతికి 35 నిండాలి. ప్రధానమంత్రి పదవికి విడిగా వయసు నిబంధన లేదు, లోక్‌సభ సభ్యత్వానికి సరిపోయే వయసు ఉంటే చాలు. అంటే 25 ఏళ్ల వ్యక్తి దేశాన్ని నడిపే ప్రధాని కావచ్చు కానీ, ఆ ప్రధాని సలహా మేరకు నడుచుకునే రాష్ట్రపతి కావడానికి ఇంకో పదేళ్లు ఆగాలి. అధికారం ఎక్కువ ఉన్న పదవికి వయసు తక్కువ, లాంఛనం ఎక్కువ ఉన్న పదవికి వయసు ఎక్కువ. రాజ్యాంగ నిర్మాతలు దేనికి అనుభవాన్ని ముందే అడిగారో, దేన్ని ప్రజల తీర్పుకు వదిలారో ఇక్కడ కొంత తెలుస్తుంది.

ముప్ఫై అయిదు ముప్ఫై అయిన రోజు

రాజ్యసభకు 30 ఏళ్లన్నది ముసాయిదాలోని అంకె కాదు. 1949 మేలో ఈ అధికరణం రాజ్యాంగ సభ ముందుకు వచ్చినప్పుడు పెద్దల సభకు 35, దిగువ సభకు 25 అని ఉంది. ఓటరు అయినంత మాత్రాన అభ్యర్థి కావడానికి చాలదని, చట్టసభలో పనిచేయదలచినవారికి ఓటరుకన్నా కాస్త ఎక్కువ అర్హత ఉండాలని అంబేడ్కర్ దానికి కారణం చెప్పారు.

ఆ 35ను 30కి తగ్గించాలని సవరణ ప్రతిపాదించింది మన దుర్గాబాయి. అప్పటికి ఆమెకు నలభై నిండలేదు. వయసు పెరిగినకొద్దీ వివేకం పెరుగుతుందని ఒకప్పుడు అనుకునేవారనీ, ఈ కాలపు యువతీయువకులు అంతకన్నా చురుకుగా, బాధ్యతతో ఉన్నారనీ ఆమె వాదన. పద్నాలుగేళ్ల వయసులోనే కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో వాలంటీరుగా నిలిచి, టికెట్ లేదని నెహ్రూనే ద్వారం దగ్గర ఆపిన మనిషి ఆ మాట అంటే దానికి బరువుంటుంది. సభ సవరణను ఆమోదించింది. ఈనాడు ముప్ఫై ఒకటో ముప్ఫై రెండో ఏట రాజ్యసభకు వెళ్లేవారందరూ ఆ సవరణకు రుణపడి ఉన్నారు.

నాలుగేళ్ల దూరం ఏడేళ్లు ఎలా అయింది?

లోక్‌సభకు 25 ఏళ్లు అన్న అంకె సభలో అంతగా నలగలేదు. ఆనాటి నేపథ్యంలో అది సహజంగానే కనిపించి ఉంటుంది. అప్పట్లో ఓటు హక్కు 21 ఏళ్లకు వచ్చేది. అభ్యర్థి కావడానికి మరో నాలుగేళ్లు. ఓటరుకన్నా కాస్త ఎక్కువ అర్హత అన్న అంబేడ్కర్ మాటకు ఆ నాలుగేళ్లు సరిపోయాయి.

1989 మార్చిలో 61వ సవరణ అమల్లోకి వచ్చి ఓటు వయసు 18కి దిగింది. పోటీ వయసును ఎవరూ ముట్టుకోలేదు. దాంతో ఓటరుకూ అభ్యర్థికీ మధ్య దూరం నాలుగేళ్ల నుంచి ఏడేళ్లకు పెరిగింది. పోటీ వయసు గురించి ఈనాడు జరిగే వాదనలో చాలామంది గమనించని సంగతి ఇదేనని నాకు అనిపిస్తుంది. ఆ ఏడేళ్ల దూరాన్ని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. ఒక అంకెను మార్చి మరో అంకెను వదిలేయడం వల్ల మిగిలిన తేడా అది.

2023 ఆగస్టులో సుశీల్ కుమార్ మోదీ అధ్యక్షతన ఉన్న పార్లమెంటరీ స్థాయీ సంఘం లోక్‌సభకు పోటీ వయసును 18కి తగ్గించాలని సిఫార్సు చేసింది. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 18 ఏళ్లకే పోటీ చేయవచ్చన్న ఉదాహరణ చూపింది. ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు. పద్దెనిమిదేళ్ల వయసువారికి ఆ బాధ్యతకు తగిన అనుభవం, పరిణతి ఉంటాయని ఆశించడం వాస్తవానికి దూరమని దాని అభిప్రాయం. మరుసటి ఏడాది రాఘవ్ చద్దా రాజ్యసభలో 21 ఏళ్లు చేయాలని అడిగారు. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా శాసనసభకు 21 చాలన్నారు. ఇరవై ఒకటో ఏట ఐఏఎస్ పరీక్ష రాసి జిల్లా పాలనలోకి అడుగుపెట్టగలిగినప్పుడు ఎమ్మెల్యే ఎందుకు కాకూడదన్నది ఈ పక్షం ప్రశ్న.

ఈ పోలికకు ఒక బలం, ఒక లోపం ఉన్నాయి. ఆ వయసువారిని రాజ్యం ఇతర చోట్ల నమ్ముతోందన్న మాట నిజం. పంచాయతీల్లో 21 ఏళ్లకే సర్పంచ్ కావచ్చన్నది ఇంకా దగ్గరి ఉదాహరణ. కానీ ఐఏఎస్ అధికారికి శిక్షణ ఉంటుంది, పైన అధికారి ఉంటారు. ఎంపీకి ఆ రెండూ ఉండవు. మరోవైపు, వయసు తగ్గితే నిజంగా లాభపడేది సామాన్య యువతా, రాజకీయ కుటుంబాల వారసులా అన్న సందేహాన్ని కూడా కొట్టిపారేయలేం. 25 ఏళ్ల నిబంధన ఉండగానే 2024లో పుష్పేంద్ర సరోజ్, ప్రియా సరోజ్, శాంభవి చౌదరి, సంజనా జాటవ్ ఆ వయసులో లోక్‌సభకు వచ్చారు. ఈ నలుగురిలో మొదటి ముగ్గురివీ రాజకీయ కుటుంబాలే. అరకు నుంచి 2019లో గెలిచిన గొడ్డేటి మాధవి, 2014లో ఇరవై ఆరేళ్లకు శ్రీకాకుళం ఎంపీ అయి 2024లో కేంద్ర మంత్రివర్గంలోకి వెళ్లిన రామ్మోహన్ నాయుడు మన వైపు ఉదాహరణలు.

వయసు ఏ రోజుకు నిండాలి?

నామినేషన్ వేసిన రోజుకా, పోలింగ్ రోజుకా, ఫలితాల రోజుకా? ఈ మూడూ కాదు. నామినేషన్ల పరిశీలనకు నిర్ణయించిన తేదీనాటికి అర్హత ఉందా లేదా అని రిటర్నింగ్ అధికారి చూడాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 36వ సెక్షన్ చెబుతుంది. పుష్పేంద్ర సరోజ్ 1999 మార్చి 1న పుట్టారు, 2024 మార్చి 1కి 25 నిండాయి. ఆ ఎన్నికలు ఏప్రిల్, మే, జూన్ నెలల్లో జరిగాయి. అదే ఎన్నికలు నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే ఆయన నామినేషన్ పరిశీలనలోనే తిరస్కారానికి గురయ్యేది.

పరిశీలనలో దాటిపోయినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. ఉత్తరప్రదేశ్‌లోని స్వార్ శాసనసభ స్థానం నుంచి 2017లో అబ్దుల్లా ఆజం ఖాన్ గెలిచారు. పాఠశాల రికార్డుల్లో ఆయన పుట్టినతేదీ 1993 జనవరి 1. మరో ధ్రువపత్రంలో 1990 సెప్టెంబరు 30. రెండో తేదీ ప్రకారం ఆయనకు 26 ఏళ్లు, మొదటిదాని ప్రకారం 24. అలహాబాద్ హైకోర్టు మొదటి తేదీనే నమ్మి 2019 డిసెంబరులో ఎన్నికను రద్దు చేసింది, 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు ఎప్పుడో దాటాయి. అయినా ప్రయోజనం లేదు, ఎందుకంటే లెక్కలోకి వచ్చేది పరిశీలన రోజు ఒక్కటే.

చదువు: అడగాలా, వద్దా?

పార్లమెంటుకు గానీ శాసనసభలకు గానీ కనీస విద్యార్హత లేదు. ఇది నిర్మాతలు మరిచిపోయిన విషయమేమీ కాదు. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభ ముగింపు ప్రసంగంలో బాబూ రాజేంద్రప్రసాద్ తనకు మిగిలిన రెండు అసంతృప్తుల్లో ఒకటిగా దీన్నే పేర్కొన్నారు. చట్టాన్ని అమలు చేసేవారికి పెద్ద అర్హతలు అడుగుతూ, చట్టాన్ని చేసేవారికి గెలవడం తప్ప వేరే అర్హత అడగకపోవడం పొంతన లేని విషయమని ఆయన బాధ. రాజ్యాంగాన్ని భారతీయ భాషలో రాసుకోలేకపోవడం రెండో అసంతృప్తి.

రాజేంద్రప్రసాద్ బాధలో న్యాయం ఉంది. బడ్జెట్ పత్రాలు, డేటా రక్షణ బిల్లులు, అంతర్జాతీయ ఒప్పందాలు చదివి ప్రశ్నలు వేయాలంటే అక్షరజ్ఞానం చాలదు. అయితే ఎదుటి వాదన కూడా తేలికైనది కాదు. వయోజనులందరికీ ఓటు ఇచ్చి, వారిలో కొందరికి మాత్రమే పోటీ హక్కు అంటే మిగతావారు శాశ్వతంగా ఓటర్లుగానే ఉండిపోతారు. 2011 జనగణన నాటికి అక్షరాస్యత 74 శాతం. బడి దొరకని నాలుగో వంతు మంది ఎవరో ఊహించడానికి గణాంకాలు అక్కర్లేదు: పేదలు, ఆడవారు, దళితులు, గిరిజనులు. బడి పెట్టవలసిన రాజ్యమే బడికి వెళ్లలేదన్న కారణంతో మనిషిని బయట నిలబెట్టడం న్యాయమా అన్నది ఇక్కడ ప్రశ్న.

విచిత్రమేమిటంటే ఈ అర్హతను పైన కాక కింద పెట్టి చూశారు. రాజస్థాన్, హరియాణా 2015లో పంచాయతీ ఎన్నికలకు విద్యార్హత తెచ్చాయి. హరియాణాలో సాధారణ వర్గం పురుషులకు పదో తరగతి, మహిళలకూ దళితులకూ ఎనిమిది, వార్డు సభ్యత్వానికి దళిత మహిళలకు అయిదు. అదే ఏడాది డిసెంబరులో రాజ్‌బాలా కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. రాజస్థాన్ 2019లో వెనక్కి తీసుకుంది. కొన్నేళ్లపాటు ఆ రాష్ట్రాల్లో నిశానీ వేలిముద్ర వేసే వ్యక్తి ఎంపీ కావచ్చు, ముఖ్యమంత్రి కావచ్చు, సొంత ఊరికి సర్పంచ్ మాత్రం కాలేని స్థితి ఉంది. కింది మెట్టుకు కష్టమైన షరతు, పై మెట్టుకు షరతే లేకపోవడం ఏ సిద్ధాంతానికీ లొంగదు. పై సభల్లో కూర్చున్నవారే ఈ చట్టాలు రాశారన్నది ఒక్కటే దీనికి వివరణగా తోస్తుంది. ఇద్దరికన్నా ఎక్కువ సంతానం ఉంటే పోటీ చేయరాదన్న నిబంధన కూడా ఇలాగే స్థానిక సంస్థలకే పరిమితమైంది. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2024లో ఎత్తివేసింది.

డిగ్రీ నిబంధన పెట్టి చూసిన పొరుగు దేశం పాకిస్తాన్. 2002లో ముషారఫ్ ప్రభుత్వం చట్టసభల అభ్యర్థులకు పట్టభద్రత తప్పనిసరి చేసింది. మదర్సా ధ్రువపత్రాలను డిగ్రీకి సమానంగా పరిగణించడంతో ఆ నిబంధన ఎవరిని ఆపిందో, ఎవరికి దారిచ్చిందో అన్న వివాదం అప్పుడే మొదలైంది. 2008లో ఆ దేశ సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అటు తర్వాత 2010లో నకిలీ డిగ్రీల వ్యవహారం బయటపడి పలువురు సభ్యుల పదవులకు ఎసరు తెచ్చింది. భూటాన్‌లో మాత్రం పార్లమెంటుకు డిగ్రీ నిబంధన ఈనాటికీ ఉంది.

మన దేశం మధ్యేమార్గం పట్టింది. సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత 2003 నుంచి అభ్యర్థులు చదువు, ఆస్తులు, కేసుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలి. చదువు షరతు కాదు, సమాచారం. ఓటరు చూసి నిర్ణయించుకోవచ్చు. ఆ కాగితాలను పోలింగుకు ముందు ఎంతమంది చదువుతారన్నది వేరే విషయం.

సీటు పోయే దారులు

అర్హత గడప చిన్నదే గానీ అనర్హతల జాబితా పెద్దది. ప్రభుత్వం కింద లాభదాయక పదవి, దివాలా, న్యాయస్థానం నిర్ధారించిన మతిస్థిమిత లోపం, విదేశీ పౌరసత్వం 102వ అధికరణంలో ఉన్నాయి. అమెరికా పౌరసత్వం తీసుకున్న ప్రవాసాంధ్రులకు, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఇక్కడ ఓటూ ఉండదు, పోటీ హక్కూ ఉండదు. పార్టీ ఫిరాయింపులకు పదో షెడ్యూలు ఉంది.

ఎక్కువ గందరగోళం శిక్షల దగ్గర వస్తుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) ప్రకారం రెండేళ్లు లేదా అంతకుమించి శిక్ష పడితే ఆ రోజు నుంచే అనర్హత. అది శిక్షాకాలంతో ఆగదు, విడుదలయ్యాక మరో ఆరేళ్లు సాగుతుంది. మూడేళ్ల శిక్ష పూర్తిగా అనుభవిస్తే మొత్తం తొమ్మిదేళ్లు. ఇరవై మూడు నెలల శిక్షయితే ఈ ఉపసెక్షన్ కింద అనర్హతే లేదు. కేసు నడుస్తున్నంత మాత్రాన, చార్జిషీటు వేసినంత మాత్రాన ఏమీ కాదు.

గతంలో పదవిలో ఉన్నవారు మూడు నెలల్లో అప్పీలు చేసుకుంటే సీటు నిలిచేది. 2013 జులైలో లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఆ వెసులుబాటును కొట్టేసింది. పదేళ్ల తర్వాత రాహుల్ గాంధీ విషయంలో దాని ప్రభావం అందరూ చూశారు. పరువునష్టం కేసులో సూరత్ కోర్టు సరిగ్గా రెండేళ్ల శిక్ష వేసింది, 2023 మార్చి 24న అనర్హత ప్రకటన వెలువడింది. ఆగస్టు 4న సుప్రీంకోర్టు దోషిత్వంపై స్టే ఇవ్వడంతో 7న సభ్యత్వం తిరిగి వచ్చింది. ఒక్క రోజు తక్కువ శిక్ష పడి ఉంటే ఈ కథ మొదలయ్యేదే కాదు.

మన రాష్ట్రం సీటులో వేరే రాష్ట్రం మనిషి

నిర్మలా సీతారామన్, సురేశ్ ప్రభు ఆంధ్రప్రదేశ్ నుంచి, అభిషేక్ సింఘ్వీ తెలంగాణ నుంచి రాజ్యసభకు ఎలా వెళ్లారని చాలామంది అడుగుతారు. 2003 వరకు అభ్యర్థి ఆ రాష్ట్రంలోనే ఓటరై ఉండాలి. ఆ ఏడాది చట్టం సవరించి దేశంలో ఎక్కడ ఓటున్నా చాలన్నారు. పాత్రికేయుడు కుల్దీప్ నయ్యర్ సవాలు చేస్తే 2006లో సుప్రీంకోర్టు సవరణను సమర్థించింది. సవరణకు ముందు కూడా నాయకులు కాగితం మీద చిరునామా మార్చుకునేవారు, ఆ అబద్ధం తప్పిందని ఒక వాదన. రాష్ట్రాల సభ అన్న పేరే అర్థం కోల్పోయిందని మరో వాదన. రెండూ నిజమే కావచ్చు.

ఐదేళ్లంటే ఎప్పుడూ ఐదేళ్లు కాదు

లోక్‌సభ గడువు ఫలితాల రోజు నుంచి కాక తొలి సమావేశం నుంచి లెక్కిస్తారు. పద్దెనిమిదో లోక్‌సభ 2024 జూన్ 24న కూడింది కనుక రద్దు కాకపోతే 2029 జూన్ 23 దాకా ఉంటుంది. అత్యవసర పరిస్థితిలో పార్లమెంటు దీన్ని ఒక్కోసారి ఏడాది చొప్పున పొడిగించవచ్చు. 1971లో వచ్చిన అయిదో లోక్‌సభ అలాగే 1977 జనవరి దాకా నడిచింది. 42వ సవరణ గడువునే ఆరేళ్లు చేస్తే, 44వ సవరణ మళ్లీ అయిదుకు తెచ్చింది. మరో కొస చూస్తే పన్నెండో లోక్‌సభ 1998 మార్చిలో మొదలై 1999 ఏప్రిల్‌లో రద్దయింది. 'అయిదుసార్లు ఎంపీ' అని చదివినప్పుడు పాతికేళ్లు అనుకోకూడదు.

రాజ్యసభ రద్దు కాదు. రెండేళ్లకోసారి మూడో వంతు సభ్యులు దిగిపోతారని రాజ్యాంగం చెబుతుంది. ఆరేళ్లు అన్న మాట రాజ్యాంగంలో లేదు, 1951 చట్టం 154వ సెక్షన్‌లో ఉంది. ఉప ఎన్నికలో వచ్చినవారికి మిగిలిన కాలమే దక్కుతుంది. కె.కేశవరావు 2020 ఏప్రిల్‌లో ఎన్నికై 2024 జులైలో రాజీనామా చేశారు. ఆగస్టులో ఆ స్థానంలోకి వచ్చిన సింఘ్వీకి దక్కింది 2026 ఏప్రిల్ వరకే, రెండేళ్లు కూడా కాదు. రాష్ట్ర విభజనప్పుడు ఉన్న 18 మంది సభ్యులను లాటరీ తీసి రెండు రాష్ట్రాలకు పంచడంతో ఆంధ్ర నాయకుడు సీఎం రమేశ్ తెలంగాణ సభ్యుడిగా, తెలంగాణ నాయకుడు కేశవరావు ఆంధ్రప్రదేశ్ సభ్యుడిగా లెక్కకెక్కిన వింత కూడా మనకు గుర్తే.

ఎన్నిసార్లయినా, ఎంత వయసైనా

గరిష్ఠ వయసు లేదు, ఇన్నిసార్లే అన్న పరిమితి లేదు. పార్టీలు పెట్టుకునే వయసు కట్టుబాట్లు చట్టం కావు. దీనికి మనకు ఆచార్య ఎన్.జి.రంగాను మించిన ఉదాహరణ దొరకదు. 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టిన ఆయన, మధ్యలో విరామాలున్నా, 1991 దాకా చట్టసభల్లో కనిపించారు. గుంటూరు నుంచి చివరిసారి గెలిచిన 1989లో ఆయనకు 89 ఏళ్లు. కమ్యూనిస్టు నాయకుడు ఇంద్రజిత్ గుప్తా పదకొండుసార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ఫిలిప్పీన్స్‌లో దిగువ సభకు వరుసగా మూడుసార్లే. మెక్సికో దశాబ్దాలపాటు వెంటనే మళ్లీ పోటీని నిషేధించి, 2014లో సడలించింది. కెనడాలో సెనేటర్లు 75కి దిగిపోవాలి, అయితే వారు ఎన్నికైనవారు కాదు, నియమితులు. పరిమితి ఉంటే కొత్తవారికి చోటు దొరుకుతుందని ఒక పక్షం అంటుంది. సభ పనితీరు తెలిసినవారిని పంపేస్తే అధికారుల మాటే చెల్లుతుందని రెండో పక్షం. ఓటరు ఎలాగూ పంపగలడు కదా అన్న మూడో మాట లోక్‌సభకు సరిపోతుంది గానీ, ఎమ్మెల్యేలు ఎన్నుకునే రాజ్యసభకు అంత సూటిగా అతకదు.

సేవాకాలం నేరుగా డబ్బుగా మారే చోటు పింఛను. 2025 మార్చిలో ప్రకటించిన సవరణ ప్రకారం మాజీ ఎంపీకి నెలకు 31,000 రూపాయలు, అయిదేళ్లు దాటిన ప్రతి ఏడాదికీ అదనంగా 2,500. పన్నెండేళ్లు పనిచేసినవారికి 31,000కు ఏడు రెట్ల 2,500 కలిపి 48,500 వస్తుంది.

ఇక 2024 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చి సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లు, ఏకకాల ఎన్నికల కోసం ఈ లెక్కనే మార్చాలంటోంది. దాని ప్రకారం లోక్‌సభ మూడేళ్లకే రద్దయితే తర్వాత వచ్చే సభకు మిగిలిన రెండేళ్లే గడువు. అవిశ్వాస తీర్మానాలతో ఆటలాడేవారు తగ్గుతారని సమర్థకులు అంటారు. రెండేళ్ల కోసం ఓటేయమని అడగడం అయిదేళ్ల తీర్పు హక్కును కోయడమేనని విమర్శకులు అంటారు. రాజ్యసభ సభ్యుల ఆరేళ్లను మాత్రం బిల్లు ముట్టుకోలేదు.